నేను రాయడం మరిచిన మగ్గం గుంట

నేతవారి వీధిలో నాంచారమ్మ మగ్గం గుంట పూడ్చేస్తున్నారని నాకు మొట్టమొదట కబురు తెచ్చింది దూదేకుల హుస్సేనమ్మ. పరుపులు, బొంతలు కుట్టుకుంటూ ఇల్లిల్లూ తిరిగే మనిషి. ఆ ఉదయం నేనింకా దేవుడి దగ్గర నుంచి లేవలేదు. వీధి గుమ్మంలో దూది మూట కింద పడేసి, అక్కణ్ణుంచే కేకేసింది.

"అమ్మాయిగారూ, మీ దేవుణ్ణి కాసేపు ఆగమనండి. నాంచారమ్మ ఇంట్లోకి మట్టి తట్టలు పోతన్నయ్."

"ఇల్లు బాగుచేయించుకుంటున్నారేమో హుస్సేనమ్మా."

"బాగేంది! మగ్గం ఊడదీసి గోడకి చేరేశారు. గుంటలో రెండు తట్టల మట్టి నా కళ్ళముందే పోశారు. ఆ యమ్మ నోట్లో కొంగు కుక్కుకుని బాయి కాడ కూచోనుంది. ఆమెకి ఆ ఇంట్లో ఉండే హక్కుందని కాయితం రాసింది మీరేగా?"

నేనే. అందుకే ఈ నాలుగు మాటలూ రాస్తున్నాను. ముప్పై ఏళ్ళకు పైగా దస్తావేజులు రాసి, చెయ్యి వణకడం మొదలయ్యాక మానేశాను. ఇప్పుడు ఈ పనిలోకి చదువుకున్న ఆడపిల్లలు కూడా వస్తున్నారని విని స్వామికి దండం పెట్టుకున్నాను. స్టాంపు కాగితం ఎంతది వాడాలో, ఏ దరఖాస్తు ఎక్కడ ఇవ్వాలో మీకు ఎవరైనా చెబుతారు. నేను చెప్పేది నా తప్పు సంగతి.

నాన్నగారి బడి

చీరాలకు నాలుగు మైళ్ళ దూరంలో మా ఊరు. ఊళ్ళో రిజిస్ట్రారు కచేరీ ఉండేది. దాని ఎదురుగా తాటాకు పందిరి, పందిట్లో ఒక వాలుబల్ల, బల్ల వెనక మా నాన్నగారు. ఇళ్ళూ పొలాలూ అమ్ముకునేవాళ్ళు, కొనుక్కునేవాళ్ళు, పంచుకునేవాళ్ళు, ఇచ్చుకునేవాళ్ళు వస్తే వాళ్ళ మాటను కాగితం మీద పెట్టడం ఆయన పని.

నేను బడికి పోలేదు. అక్షరాలు ఆయనే ఇంట్లో నేర్పారు. నా వాచకాలు పాత దస్తావేజుల చిత్తులు. "తూర్పు, ఫలానా వారి గోడ. దక్షిణం, రాజవీధి" అని కూడబలుక్కుని చదివినదాన్ని. తోటి పిల్లలు పద్యాలు అప్పజెప్పే వయసులో నేను హద్దులు అప్పజెప్పేదాన్ని. ఆ చదువు నాకు ఇచ్చినందుకు ఇవాళ్టికీ దీపం పెట్టేటప్పుడు దేవుడి తర్వాత ఆయన్నే తలుచుకుంటాను.

ఆయన కళ్ళకు పొరలు కమ్మాక రాసే చెయ్యి నాదైంది. మొదట్లో ఇంట్లో కూర్చుని రాసి పంపేదాన్ని. పోనుపోను పందిట్లోకే వెళ్ళి కూర్చున్నాను. "ఆడమనిషి రాసిన కాగితం చెల్లుతుందా?" అని అడిగినవాళ్ళు ఉన్నారు. "సంతకం పెట్టేది నువ్వు, చెల్లాల్సింది నీ మాట" అనేవారు నాన్నగారు.

నా చేతి దస్తావేజు మొదటిసారి కచేరీ లోపలికి వెళ్ళిన రోజున అప్పటి రిజిస్ట్రారుగారు కళ్ళజోడు పైకెత్తి చూశారు. చాలా గట్టి మనిషి. ఒక్క కొట్టివేత కనపడితే కాగితం వెనక్కి పంపేవారు.

"ఎవరు రాశారు పంతులుగారూ?"

"మా అమ్మాయండి."

"చేతివ్రాత ముత్యాల్లా ఉంది. బుద్ధి ఎలా ఉందో ముందు ముందు చూద్దాం."

ఆయన వెనక్కి పంపిన కాగితాలు పట్టుకుని పందిట్లో ఏడ్చిన రోజులున్నాయి. ఇప్పుడు అనిపిస్తుంది, ఆయన తిప్పికొట్టకపోతే నేను రాయడం నేర్చుకునేదాన్నే కాదని.

నాన్నగారికి ఒక నియమం ఉండేది. ఇల్లు నడవకుండా ఇల్లు రాయకూడదు. పొలానికి నాలుగు హద్దులు చాలు, ఇంటికి చాలవు అనేవారు. ఇచ్చేవాళ్ళనీ పుచ్చుకునేవాళ్ళనీ వెంటబెట్టుకుని, చెప్పులు విడిచి, వీధి గడప నుంచి దొడ్డి గుమ్మం దాకా నడిచేవారు. చూపు పోయాక నా భుజం పట్టుకుని నడిచేవారు. ప్రతి చోటా ఆగి ఒకటే ప్రశ్న: "ఇక్కడ ఎవరు ఏం చేస్తారు?"

"ఏం చేస్తారండీ, అది గోడ."

"గోడేనయ్యా. దాని మీద పిడకలు ఎవరు కొడతారు?"

దాంతో కథంతా బయటికొచ్చేది. పిడకలు కొట్టేది పక్కింటావిడ, పదిహేనేళ్ళ నుంచి. ఇల్లు కొన్నవాడు రేపు ఆ గోడకు సున్నం వేయిస్తాడు, ఆవిడ చీపురు తిరగేస్తుంది. ఆ తగువు రేపటికి వదలకుండా ఇవాళే ఆవిణ్ణి పిలిపించి మాట్లాడేవారు. ఒక్కోసారి ఒక ఇంటికి పూటంతా పట్టేది. పక్క పందిరి రాతగాళ్ళు నవ్వేవాళ్ళు, "పంతులుగారు ఇల్లు రాయడానికి వెళ్ళి కాపురం పెట్టారు" అని.

మిరపకాయల ఇల్లు

నా పెళ్ళైన కొత్తలో మావారికి రైల్వేలో నల్లపాడు వేశారు. అక్కడ ఒక పెంకుటింట్లో అద్దెకు దిగాం. ఇంటి ఆసామి మంచివాడే. నన్ను "అమ్మాయ్" అనే పిలిచేవాడు. మిరపకాయల కాలం వచ్చింది. ఒకరోజు బండి కట్టుకుని వచ్చి, నేను వంట చేసుకుంటుంటే, గోతాలు తెచ్చి మా ముందు గదిలో దించుతున్నాడు.

"ఏమిటి బాబాయిగారూ ఇది?"

"కొట్టంలో చోటు లేదమ్మాయ్. ధర వచ్చేదాకా ఇక్కడుంటాయిలే. మీకేం అడ్డం? మీరిద్దరేగా!"

పది రోజులు తుమ్ములతో సంసారం చేశాం. మావారు రైలు బండ్లకు జెండా ఊపే చేత్తో కళ్ళు తుడుచుకుంటూ ఉండేవారు. ఆసామి వేళా పాళా లేకుండా వచ్చి గోతాలు తడిమి చూసుకుని పోయేవాడు. నాన్నగారికి కార్డు రాశాను. ఆయన ఎవరిచేతో జవాబు రాయించారు. "ఇల్లు ఆయనది. గడప మీది. అద్దెకు ఇచ్చిన నాడే ఆయన గడప మీకు ఇచ్చాడు. మీరు ఖాళీ చేసేదాకా ఇంటాయనైనా సరే గడప దాటాలంటే అడిగి దాటాలి. ఈ మాట కోపం లేకుండా చెప్పు. మజ్జిగ ఇచ్చి చెప్పు."

మజ్జిగ ఇచ్చి చెప్పాను. ఆసామి గ్లాసు సగంలో ఆపి నావైపు చూశాడు. "నా ఇంట్లోకి నేను రావడానికి నిన్నడగాలా?"

"మీ ఇంటికి నేను వస్తే మిమ్మల్ని అడగనా బాబాయిగారూ?"

ఆయన మిగిలిన మజ్జిగ తాగి, మూతి తుడుచుకుని, "లా చదివావా అమ్మాయ్?" అని నవ్వి, మర్నాడు బండి తోలుకొచ్చి గోతాలు పట్టుకుపోయాడు. పోయేటప్పుడు రెండు సేర్ల కాయలు చాటలో పోసి వెళ్ళాడు. ఆ కారం ఏడాదంతా వాడాం. ఇల్లు ఒకరిదీ, ఇంట్లో బతుకు ఒకరిదీ కావచ్చునని నాకు తెలిసింది ఆ తుమ్ముల్లోనే. తెలిసి కూడా నాంచారమ్మ దగ్గర పొరపాటు చేశాను.

రాహుకాలం

మావారికి బదిలీ అయి మేము చీరాల వైపు వచ్చేసిన తర్వాత, యాభై ఆరులో, కొత్త వారసత్వ చట్టం వచ్చింది. వీలునామా రాయకుండా తండ్రి పోతే ఆయన ఆస్తిలో కూతురికీ వాటా. కాపురముండే ఇంటిని, మగవాళ్ళు పంచుకుందామనుకునేదాకా, ఆడపిల్ల పంచమని అడగరాదు గాని, భర్త పోయి పుట్టింటికి వచ్చిన కూతురికి ఆ ఇంట్లో ఉండే హక్కు మాత్రం ఖాయం. నాన్నగారు ఆ సంగతులు నాచేత రెండుసార్లు చదివించుకుని విన్నారు.

"మంచి పని చేశారు. అయితే ఆడపిల్లలు నోరు తెరిచి అడగరే అమ్మడూ. అడగకపోయినా చెప్పాల్సింది మనం" అన్నారు.

ఆ మరుసటేడు నేతవారి వీధి నుంచి ఒక అక్కా తమ్ముడూ మా పందిట్లోకి వచ్చారు. అక్క నాంచారమ్మ. చిన్నతనానే భర్త పోతే పుట్టింటికి వచ్చి మగ్గం మీద కూర్చుంది. తమ్ముడు వీరాస్వామి బడిపంతులు. ఆయన ట్రైనింగు చదువంతా ఆ మగ్గం మీద నేసిందేనని వీధంతా చెప్పుకునేవాళ్ళు. తల్లి ముందే పోయింది. తండ్రి ఆ ఏడే పోయాడు. ఇల్లు ఒకరి పేరున తేటగా ఉంటే రేపటి తరాలకు తగువు ఉండదని, అక్క తన హక్కు తమ్ముడికి వదిలేస్తూ కాగితం రాయాలి. అదీ వాళ్ళు వచ్చిన పని.

నేను చెప్పాల్సింది చెప్పాను. "నాంచారమ్మా, ఆ ఇంట్లో తమ్ముడితో సమానంగా నీకూ వాటా ఉంది. తెలిసే వదులుకుంటున్నావా?"

ఆవిడ నవ్వింది. "వాటా ఏం చేసుకోనమ్మా? మధ్యన గోడ కట్టుకుని తమ్ముడి మొహం చూడకుండా కూచోనా? నేను పోయేదాకా ఆ ఇంట్లోంచి నన్ను కదలమనగూడదు. అంతవరకు రాయండి."

"రాయండమ్మా" అన్నాడు వీరాస్వామి. "అక్కాయి లేని ఇల్లు నాకెందుకు?"

మనస్ఫూర్తిగానే అన్నాడు. అది నాకు ఇప్పటికీ నమ్మకం.

ఆ రోజు బుధవారం. పన్నెండింటికి రాహుకాలం. ఒక ఆడమనిషి జీవితాంతం నిలబడాల్సిన కాగితం మీద రాహుకాలంలో సంతకాలు పడకూడదని నా ఆరాటం. నేతవారి వీధి ఊరికి ఆ చివర. వెళ్ళి ఇల్లు నడిచి వస్తే పొద్దెక్కిపోతుంది. "ఇల్లెలా ఉంటుందో మీరే చెప్పండి, రాసుకుంటాను" అన్నాను. వీరాస్వామి చెప్పాడు. వీధి అరుగు, సావిడి, నట్టిల్లు, తూర్పు గది, వంటిల్లు, దొడ్లో బావి.

"అక్కగారు ఉండే గది?"

"తూర్పు గదండి."

రాశాను. "సదరు ఇంటిలోని తూర్పు గదిలో నాంచారమ్మ తన జీవితాంతము నివసించుటకును, వంటింటిలో వండుకొనుటకును, బావినీరు వాడుకొనుటకును, వీధి గుమ్మము నుండి దొడ్డి వరకు నడచుటకును ఎట్టి ఆటంకము లేదు." నట్టింటి గూట్లో దీపం పెట్టుకునే హక్కు కూడా రాశాను. అది ఎవరూ అడగలేదు, నా బుద్ధికి తోచి రాశాను. గొప్పగా రాశాననుకున్నాను. పైకి చదివి వినిపించాను. నాంచారమ్మ దీపం మాట దగ్గర చేతులు జోడించింది. పన్నెండుకు పది నిమిషాలుండగా సంతకాలైపోయాయి.

సాయంత్రం నాన్నగారు అడిగారు. "ఇల్లు నడిచావా?"

"టైము లేదు నాన్నగారూ. రాహుకాలం వచ్చేస్తోంది."

"రాహువు గంటన్నరకి పోతాడే అమ్మడూ. కాగితం పోదు" అన్నారు.

నాకు ఉక్రోషం వచ్చింది. చట్టం చెప్పాను, దీపం కూడా రాశాను, ఇంకేం కావాలట అనుకున్నాను.

గుంటలో హుస్సేనమ్మ

ఎనిమిదేళ్ళు గడిచాయి. నాన్నగారు కాలం చేశారు. అప్పుడు హుస్సేనమ్మ ఆ కబురు తెచ్చింది. ఆవిడ వచ్చిన దారినే వెళ్ళిపోయింది. నేను పెట్టె తెరిచి ఆ ఏటి చిత్తులు తీసి చూసుకున్నాను. బావి ఉంది. నడక ఉంది. దీపం ఉంది. మగ్గం లేదు. సావిడిలో గుంట ఉందన్న సంగతే లేదు. చిత్తు మడిచి కొంగున కట్టుకుని బయల్దేరాను. ఆ రోజు పూజ సగంలోనే ఉండిపోయింది.

నేను వెళ్ళేసరికి వీరాస్వామి ఇంటి ముందు తట్టలు పట్టుకుని ఇద్దరు కూలీలు నవ్వుకుంటూ నిలబడ్డారు. సావిట్లోకి చూస్తే మగ్గం గుంటలో హుస్సేనమ్మ! నేత మనిషి కూర్చునే గట్టు మీద కూర్చుని, కాళ్ళు గుంటలోకి, ఆ పోసిన మట్టి మీదే పెట్టుకుని, ఒళ్ళో బొంత వేసుకుని తాపీగా కుట్టుకుంటోంది.

"లే హుస్సేనమ్మా. పనివాళ్ళు నిలబడిపోయారు" అంటున్నాడు వీరాస్వామి.

"నిలబడటం ఎందుకు మేష్టారూ, కూచోమనండి. నాకిక్కడ చల్లగా ఉంది. ఈ బొంత అయ్యాక లేస్తా. పెద్ద బొంత, నలుగురు పడుకునేది."

"ఇది నీ ఇల్లా?"

"నాది కాదు. నాది కాలవ గట్టు మీద గుడిసె. అదీ నాది కాదు, లెమ్మన్ననాడు లేవాలి. లెమ్మంటే ఎట్టుంటదో నాకు తెలుసు గనకనే లేవట్లా."

వీరాస్వామి నన్ను చూసి ప్రాణం లేచొచ్చినట్టు ఎదురొచ్చాడు. ఆయనకు పొదిలి బదిలీ అయింది. సంసారం అక్కడికి మారుస్తున్నాడు. సావిడి సైకిలు షాపుకు అద్దెకిస్తానని మాట ఇచ్చాడు. అక్కగారిని తనతో తీసుకుపోతాడు.

"యాభై దాటిన మనిషమ్మా. మోకాళ్ళు పట్టేస్తున్నాయి. ఇంకా గుంటలో కాళ్ళు పెట్టుకుని కష్టపడాలా? నా దగ్గర కూర్చుని తింటుంది."

బావి దగ్గర నుంచి నాంచారమ్మ లోపలికి వచ్చింది. అప్పటిదాకా ఏడ్చిన గొంతు.

"కూర్చునే తింటున్నా గదరా, ఆ గుంటలో కూర్చుని. పొదిలిలో నాకేం పని? నీ పెళ్ళాం వంటింట్లో రెండో గరిటెనవ్వాలా? పొద్దున్నే లేచి ఏం చెయ్యమంటారని ఒకరి మొహం చూసే వయసా నాది?"

"నిన్ను ఎవరన్నా పనికి పిలిచారా అక్కాయ్?"

"పిలవరనేరా నా భయం."

వీరాస్వామి మొహం ఎర్రబడింది. నావైపు తిరిగాడు. "మీరే చెప్పండమ్మా. ఆ కాగితంలో మగ్గం అన్న మాట ఉందా? తూర్పు గది అట్లాగే ఉంది. తాళం అక్కాయి దగ్గరే ఉంది. మీరు రాసిన దాంట్లో ఒక్క అక్షరం నేను తప్పానా?"

కొంగున కట్టిన చిత్తు విప్పాల్సిన పని లేదు. "లేదు. మీరు తప్పలేదు. తప్పు నాది" అన్నాను. తర్వాత నాంచారమ్మను అడిగాను. "మగ్గం గుంట సావిట్లో ఉందని ఆ రోజు నాకెందుకు చెప్పలేదమ్మా?"

ఆవిడ వింతగా చూసింది. "చెప్పేదేముందమ్మా? ఇల్లు రాస్తున్నారుగా! ఇంటికి కప్పు ఉందని కూడా నేనే చెప్పాలా?"

ఇల్లు నడిచిన పూట

నా చేతిలో ఆయన్ని కట్టడి చేసే కాగితం లేదు. కోర్టుకు వెళ్తే ఏళ్ళు పడుతుంది, అక్కా తమ్ముళ్ళకు మాటలుండవు, మధ్యలో మగ్గానికి చెదలు పడతాయి. ఏం చెయ్యాలో తోచక నాన్నగారిని తలుచుకున్నాను. ఆయన నియమమే గుర్తొచ్చింది.

"మేష్టారూ, ఆనాడు నేను చెయ్యాల్సిన పని ఒకటి మిగిలిపోయింది. ఇప్పుడు చెయ్యనివ్వండి. చెప్పులు విడిచి మీరూ అక్కగారూ నాతో రండి."

వీధి అరుగు దగ్గర మొదలుపెట్టాం. "ఇక్కడ ఎవరు ఏం చేస్తారు?"

"సాయంత్రం పూట నేను పేపరు చదువుకుంటాను."

సావిట్లో గోడకు రెండు మేకులున్నాయి. "ఇవి?"

"పడుగు కట్టేవి" అన్నాడు. నట్టింట్లో రాట్నం. "అమ్మ దీని మీద కండెలు చుట్టేది." గూట్లో నేను రాసిన దీపం వెలుగుతోంది.

తూర్పు గది తలుపు తీశాం. నేను గడప దగ్గరే ఆగిపోయాను. గది నిండా నూలు కట్టలు, పాత అచ్చులు, రంగు డబ్బాలు, చిలుకకొయ్యకు వేలాడుతున్న తాళ్ళు. కాలు పెట్టే చోటు లేదు.

"అక్కగారు ఎక్కడ పడుకుంటారు మేష్టారూ?"

నాంచారమ్మే చెప్పింది. "ఇక్కడ నేనెప్పుడు పడుకున్నానమ్మా? మగ్గం పక్కనే చాప వేసుకుంటా. నాన్న ఉన్నప్పటి నుంచీ అంతే."

ఆవిడ ఒక్కపూట కూడా ఉండని గదిలో జీవితాంతం ఉండే హక్కు రాసి, పన్నెండులోపు అయిందని దండం పెట్టుకున్నదాన్ని నేను. ఆ గడపలో నిలబడి స్వామిని క్షమించమని అడిగాను. నాంచారమ్మను కూడా అడిగాను. "అయ్యో, మీరేందమ్మా" అని ఆవిడ నా చెయ్యి పట్టుకుంది.

దొడ్డి దాకా నడిచి, మళ్ళీ సావిట్లోకి వచ్చి గుంట దగ్గర ఆగాం. "ఇక్కడ ఎవరు ఏం చేస్తారు మేష్టారూ?"

హుస్సేనమ్మ నోరు తెరవబోయింది. వద్దని సైగ చేశాను. వీరాస్వామి వంగి గుంట గట్టు మీద చెయ్యి వేశాడు.

"నేనిక్కడ ఎక్కాలు అప్పజెప్పేవాణ్ణండి" అన్నాడు. "ఈ గట్టు మీద అక్కాయి నన్ను పక్కన కూర్చోబెట్టుకునేది. పోగు పట్టుకెళ్ళే నాడె అటు పోతే ఒక మాట, ఇటు వస్తే ఒక మాట. నేను తప్పితే మగ్గం ఆగిపోయేది. తిట్టేది కాదు, కొట్టేది కాదు. మగ్గం ఆపేది, అంతే. ఆ చప్పుడు ఆగితే నాకు భయం."

కూలీలు తట్టలు కింద పెట్టారు.

"సైకిలు షాపుకు మాట ఇచ్చేశానమ్మా" అన్నాడు. గొంతు మెత్తబడింది.

"మంగళగిరి వెళ్ళారు గదా మేష్టారూ. పానకాలస్వామి అంతటివాడే బిందెడు పానకంలో సగం తాగి సగం మనకు వదులుతాడు. అరుగూ, సావిట్లో తూర్పు సగమూ షాపుకివ్వండి. గుంట ఉన్న పడమటి సగం అక్కగారికి వదలండి. మధ్యన తడిక కట్టుకుంటే చాలు."

"మీ సామి సంగతేమో గాని, గుంట మటుకు నాకు మొత్తం కావాల" అంది హుస్సేనమ్మ. "సగం గుంటలో కాలెట్టా పడద్ది?"

నాంచారమ్మ నవ్వింది. అక్క నవ్వడం చూసి వీరాస్వామి తువ్వాలు తలకు చుట్టుకున్నాడు. కూలీల చేత ఎత్తించలేదు. హుస్సేనమ్మ కాళ్ళు పక్కకు జరుపుకుంటే ఆ రెండు తట్టల మట్టీ తనే తోడి వీధిలో పోసి వచ్చాడు. హుస్సేనమ్మ లేవబోతే నడుము పట్టుకుపోయింది. ఆవిణ్ణి పైకి లేవదీయడానికి ఇద్దరు మనుషులు కావలసొచ్చింది. "చూశారా, నన్ను లేపాలంటే మాటలు చాలవు" అంది.

రెండో సాక్షి

ఆ వారమే సవరణ దస్తావేజు రాశాను. "వీధి సావిడిలో పడమటి సగము, అందులోని మగ్గము గుంటతో సహా, నాంచారమ్మ తన జీవితాంతము నేసుకొనుటకును, పడుకొనుటకును. తూర్పు గది ఆమె నూలు సామాను ఉంచుకొనుటకును. ఆమె కోరి వెళ్ళిననే తప్ప ఎవరును ఆమెను వేరొక ఊరికి తరలించరాదు." చివరి మాట అలా రాస్తారా అని పక్క పందిరివాళ్ళు నవ్వారు. వీరాస్వామే రాయమన్నాడు.

సాక్షులు ఇద్దరు కావాలి. ఒకరు ఎదురింటాయన. రెండోవారు ఎవరంటే నాంచారమ్మ తడుముకోకుండా హుస్సేనమ్మ పేరు చెప్పింది. గట్టివారని చెప్పానే, ఆ రిజిస్ట్రారుగారే రెండోసారి మా ఊరికి బదిలీ మీద వచ్చి ఉన్నారు. గడప దగ్గర దూది అంటుకున్న చీరతో నిలబడ్డ మనిషిని చూసి అడిగారు.

"ఈ ఇంటి సంగతి నీకు తెలుసా అమ్మా?"

"గుంటలో కూచుని తెలుసుకున్నా బాబయ్యా."

ఆయన కాగితం మొదటి నుంచి చివరి దాకా చదివారు. పాత దస్తావేజు తెప్పించి అదీ చదివారు. కళ్ళజోడు పైకెత్తి నావైపు చూసి, "నీ తప్పు నువ్వే దిద్దుకున్నావు. బుద్ధి ఇప్పుడు చూశానమ్మా" అన్నారు. నా పని జీవితంలో నాకు దక్కిన మెప్పు అదొక్కటే. చాలు.

నాంచారమ్మ ఆ తర్వాత చాలా ఏళ్ళు నేసింది. సైకిలు షాపులో గాలి కొట్టే చప్పుడూ, తడిక ఇవతల మగ్గం చప్పుడూ వీధికి కలిసి వినపడేవి. వీరాస్వామి సెలవులకు పొదిలి నుంచి వచ్చి, ఆ గట్టు మీదే అక్క పక్కన కూర్చుని కబుర్లు చెప్పేవాడు. ఆవిడ పోయింది కూడా ఆ సావిట్లోనే, మగ్గం పక్కన చాప మీద.

కొత్తగా ఈ పనిలోకి వచ్చేవారికి నేను చెప్పగలిగింది కొంచెమే. ఇల్లు ఎవరిదని పాత కాగితాలు చెబుతాయి. ఆ ఇంట్లో ఎవరు ఎలా బతుకుతున్నారో కాగితాలు చెప్పవు, మీరే వెళ్ళి చూడాలి. తలదాచుకునే చోటు రాస్తే సరిపోదు. ఆ మనిషి తన పని తాను చేసుకునే చోటు ఎక్కడుందో అడగండి. "మాలో మాకు రాతలెందుకండీ" అని ప్రేమగా ఉన్నవాళ్ళు అంటారు. ప్రేమ ఉన్నప్పుడే రాయించండి, అప్పుడైతే ధారాళంగా రాస్తారు. నేను చూసినంతలో, ఇంట్లోవాళ్ళ హక్కులు పగవాళ్ళ వల్ల పోయినవి తక్కువ. మేలు చేద్దామనుకున్నవాళ్ళ వల్ల పోయినవే ఎక్కువ. ఆ లెక్కలో నేనూ ఉన్నాను. ఇక ముహూర్తాలు చూసుకోండి, నేనూ చూస్తాను. కాని ఇల్లు నడిచి వచ్చాక చూసుకోండి.

ఒక మాట మిగిలింది. కొన్నేళ్ళకు కాలవ గట్టు మీది గుడిసెలు తీయించేశారు. హుస్సేనమ్మ దూది మూట నెత్తిన పెట్టుకుని దర్శి వైపు తన చెల్లెలి ఊరు వెళ్ళిపోయింది. పోయేముందు నాకో బొంత ఇచ్చి వెళ్ళింది. ఆ గుంటలో కూర్చుని కుట్టినదే. ఎన్ని వందల ఇళ్ళకు హద్దులు రాశానో నాకు గుర్తులేదు. ఆవిడ పేరున మాత్రం ఒక్క గది కూడా రాసే భాగ్యం నాకు కలగలేదు. నేను రాసిన కాగితాలన్నింటిలో ఆవిడ పేరు ఒక్కచోటే ఉంది, నాంచారమ్మ సవరణ దస్తావేజు కింద, రెండో సాక్షిగా, ఎడమచేతి వేలిముద్ర పక్కన.

మీరు ఒక ఇంటి కాగితం రాయడానికి కలం తీసినప్పుడు, పొద్దు పోతోందని తొందర పుట్టినప్పుడు, ఆవిణ్ణి ఒక్కసారి తలుచుకోండి. ఆవిడ పేరు దూదేకుల హుస్సేనమ్మ.